తొలగించదగిన డ్రైవు

ఆ కార్ఖానాలో కంప్యూటర్లు తయారవుతాయని బయట బోర్డు చెప్పేది గాని, నిజం చెప్పాలంటే అక్కడ ఎవరూ ఏదీ తయారుచేసేవాళ్ళు కాదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ముక్కల్ని పొడవాటి బల్ల ముందు వరసగా కూర్చుని ఒకదానికొకటి బిగించేవాళ్ళు, అంతే. బల్ల ఆ చివర ఖాళీ రేకుపెట్టె బయల్దేరేది. చేతులు మారి మారి ఈ చివరికి వచ్చేసరికి కంప్యూటరై కూర్చునేది. అట్టపెట్టెలోకి దిగే ముందు దాని మీద ఆఖరి చెయ్యి వేసే మనిషి టక్కక్క.

ఆమె చేసే పనేమిటో చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి, ఆమె కూడా నవ్వేది. కంప్యూటర్ మొహాన మూడు కిటికీలుండేవి. పైదాంట్లో ఫ్లాపీ, మధ్యదాంట్లో సీడీ, మూడోది ఖాళీ. కొన్నవాళ్ళు ఎప్పటికైనా ఏదైనా పెట్టుకుంటారేమోనని కంపెనీవాళ్ళు ముందుచూపుతో వదిలిన ఖాళీ అది. ఆ ఖాళీకి ప్లాస్టిక్ మూత బిగించడం టక్కక్క ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే పని. మూతకి నాలుగు సన్నటి కాళ్ళుండేవి. ఎడమవైపు రెండూ ముందు దూర్చి, కుడివైపు బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాలి. టక్! అయిపోయింది. వినడానికి ఇంతే. ఆమె సెలవు పెట్టిన రోజున ఇంకెవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే సాయంత్రానికి బల్ల కింద విరిగిన కాళ్ళు గుప్పెడు పోగయ్యేవి.

ఆ టక్ అనే చప్పుడు వల్ల టక్కక్క అయిందని ఆడవాళ్ళనేవాళ్ళు. కాదు, మనిషే పెద్ద టక్కరి, అందుకని ఆ పేరొచ్చిందని సూపర్‌వైజర్ అనేవాడు. అతని బాధ అతనిది. టీ విరామం అయిపోయిందని చెప్పడానికి అతని మెడలో ఒక ఈల వేలాడుతుండేది. ఒకరోజు అందులో ఎవరో దూది కుక్కారు. పాపం ఊది ఊది బుగ్గలు నొప్పెట్టాయి గాని ఈల పలకలేదు. ఆ రోజు టీ విరామం పావుగంట పెరిగింది. ఆ దూది ఎవరు కుక్కారో కనిపెట్టడానికి పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు, మొహం అంత అమాయకంగా పెట్టుకుని టీ తాగుతున్నది ఒకే ఒక్క మనిషి.

ఇలా ఉండగా ఒకటో తారీకున మేనేజర్ బల్ల దగ్గరికొచ్చి, చెక్కపెట్టె ఒకటి బోర్లించి దానిమీద నిలబడ్డాడు. ఆయన చేతిలో అరచెయ్యంత డిస్కు ఉంది. చూడ్డానికి ఫ్లాపీలాగే ఉంది గాని బాగా దళసరి.

"డెబ్బై ఫ్లాపీల సరుకు ఇందులో పడుతుంది. పని చేసుకుని, దీన్ని బయటికి తీసి, జేబులో వేసుకుని వెళ్ళిపోవచ్చు. దీన్ని నడిపించే డ్రైవు ఇన్నాళ్ళూ కావలసినవాళ్ళు విడిగా కొనుక్కునేవాళ్ళు. పెద్ద కంపెనీలన్నీ ఇప్పుడు కంప్యూటర్‌తో పాటే బిగించి ఇచ్చేస్తున్నాయి. మనం వెనకబడితే కుదరదు. ఈ నెల నుంచి మన కంప్యూటర్లలోనూ పెట్టడం మొదలు. వచ్చే నెల నుంచి అది లేని కంప్యూటర్ ఒక్కటి కూడా ఇక్కణ్ణుంచి కదలదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది టక్కక్కే. కొడుతూనే అడిగింది.

"అంతా బానే ఉంది సార్, ఇంతకీ దాన్ని ఎక్కడ పెడతారు?"

"ఎక్కడేంటమ్మా, మూడో కిటికీ ఖాళీయేగా."

ఆమె చేతులు గాల్లో అలాగే ఆగిపోయాయి. మూడో కిటికీలో డ్రైవు వస్తే ఇంక మూతెందుకు? మూత లేకపోతే మూత పెట్టే మనిషెందుకు? పక్కనున్న ఆడవాళ్ళకి కూడా ఆ లెక్క అప్పుడే తట్టినట్టుంది, ఒక్కొక్కరే ఆమె వైపు చూసి తల తిప్పుకున్నారు. వాళ్ళు అలా చూడడమే ఆమెకి ఎక్కువ కష్టమనిపించింది.

సూపర్‌వైజర్‌ని టీ బల్ల దగ్గర పట్టుకుంది.

"తమ్ముడూ, ఉన్నదున్నట్టు చెప్పు. నన్నేం చేస్తారు?"

అతను టీ గ్లాసులోకి చూస్తూ, "నెలాఖరు దాకా పాత రకం కంప్యూటర్లు కొన్ని ఉంటాయక్కా. వాటికి మూతలు కావాలి. మిగతా టైములో ప్యాకింగులో కూర్చుని వాడకం పుస్తకాలు సంచుల్లో పెట్టు. ఆ తర్వాత పైవాళ్ళని అడిగి చూస్తా" అన్నాడు.

"చూస్తావా, చేస్తావా?"

"చూస్తానక్కా" అన్నాడతను. మనిషి మంచివాడే, అబద్ధమాడ్డం చేతకాదు.

ఇంటి సంగతి చెప్పకపోతే ఆమె భయం మీకు పూర్తిగా అర్థం కాదు. ఆమె భర్త బస్సు డ్రైవరు, తెల్లవారకుండా వెళ్ళిపోతాడు. ఇంట్లో మిగిలేది ఆమే, అత్తగారూ. ఉన్నది గదిన్నర ఇల్లు, దానికి ఒకే ఒక్క కిటికీ. అత్తగారికి అది మూసి ఉండాలి, కోడలికి తెరిచి ఉండాలి. ఒక ఆదివారం ఆ కిటికీ పంతొమ్మిది సార్లు తెరుచుకుని పంతొమ్మిది సార్లు మూసుకుంది. వారానికి ఒక్క ఆదివారమే ఇలా ఉంటే, వారమంతా ఆదివారమైతే? వార్త వినగానే అత్తగారు లబలబలాడింది.

"నువ్వు పగలంతా ఇంట్లో ఉంటే నేనెక్కడికి పోవాలే?"

"నేనూ అదే ఆలోచిస్తున్నానత్తయ్యా, మిమ్మల్నెక్కడికి పంపాలా అని."

"నవ్వకు! ఎవరి కాళ్ళయినా పట్టుకో, ఉద్యోగం మాత్రం వదలకు."

పైకి నవ్వింది గాని ఆమెకి నిజంగానే గుండెల్లో రాయి పడింది. ఇంట్లో ఆమె ఫలానావాడి భార్య, ఫలానా ఆవిడ కోడలు. ఆ బల్ల చివర కూర్చున్నప్పుడే ఆమె టక్కక్క. ఎనిమిది గంటలు ఎవరి పనీ కాదు, తన పని చేసేది. ఆమె జోకులకి నవ్వేవాళ్ళంతా అక్కడే ఉన్నారు. అది పోతే తనలో ఏం మిగులుతుందో ఆమెకి తెలియలేదు, తెలుసుకోవాలని కూడా లేదు.

ఇక్కడ మాస్టారి గురించి చెప్పాలి. కంప్యూటర్‌తో పాటు ఇచ్చే చిన్న పుస్తకం రాసేది ఆయనే. ఎప్పుడో బడిలో భాష చెప్పేవాడు కాబట్టి మాస్టారు. మనిషి సన్నం, మాట లావు. కీబోర్డు ఆయనకి మీటల ఫలకము. మౌస్ సంగతి ఇక అడక్కండి. "మూషికమును దక్షిణ హస్తమున ధరింపవలెను" అని ఆయన రాసిన వాక్యం మూడు అచ్చులు పోయింది. చదివినవాళ్ళకి అర్థమైందా లేదా అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరూ చదవలేదు. ఫ్లాపీ ఎలా పెట్టాలో, మౌస్ ఎలా పట్టుకోవాలో ఎవరో ఒకరు చూపించేవాళ్ళు. ఈ కొత్త డ్రైవు మాత్రం ఎవరికీ తెలియదు. అంచేత మాస్టారి జీవితంలో మొట్టమొదటిసారి ఆయన పుస్తకం జనం చదవబోతున్నారు.

రాసిందల్లా టీ బల్ల దగ్గర పైకి చదివి వినిపించడం ఆయన అలవాటు. ఆ రోజూ గొంతు సవరించుకున్నాడు.

"ఇది తొలగించదగిన నిల్వ డ్రైవు. పని పూర్తి అయిన పిమ్మట దీనిని తొలగించి భద్రమైన చోట ఉంచుకొనవలెను."

టక్కక్క టీ గ్లాసు కింద పెట్టింది.

"మాస్టారూ, తొలగించదగిన అంటే ఉద్యోగంలోంచి పీకెయ్యాల్సిన మనిషని కదా? మా బావని పాత కంపెనీవాళ్ళు పంపించేసినప్పుడు కాగితంలో ఇదే మాట రాశారు."

"అది వేరు, ఇది వేరు. ఇది సాంకేతిక పదం."

"అయితే నేనూ ఆ డ్రైవూ ఒకే జాతన్నమాట. దానికి చోటివ్వడానికి నన్ను తొలగిస్తున్నారు, దాన్నేమో తొలగించదగినదంటున్నారు. ఇంతోటి దానికి మా ఇద్దరికీ ఈ తిప్పలెందుకు, ఆ మూతేదో ఉంచేస్తే పోయేది!"

టీ బల్ల గొల్లుమంది. మాస్టారి మొహం కందగడ్డైంది.

"నవ్వులాటకి కాదు గాని మాస్టారూ" అని ఆమె ఈసారి నెమ్మదిగా అంది, "బయటికి తియ్యాల్సింది డిస్కుని కదా, డ్రైవుని కాదు కదా. మీరు దీనిని తొలగించి అని రాస్తే, జనం డ్రైవునే పట్టుకుని పీకుతారు."

"లోకంలో అంత తెలివితక్కువవాళ్ళు ఎవరూ ఉండరమ్మా. మూతలు పెట్టుకునేవాళ్ళు మూతలు పెట్టుకుంటే అందరికీ మంచిది."

ఆ ముక్క ఆమెకి చురుక్కుమని తగిలింది. మాట పడడం ఆమెకి కొత్త కాదు గాని, ఆ మూతలు కూడా ఇంక నెలాఖరు దాకానే అని తెలిసి అన్నాడే, అదీ ఆమె కోపం. ఆ రోజు నుంచి తనని ఎవరు పిలిచినా "టక్కక్క కాదు, తొలగించదగిన అక్క అనండి, సాంకేతిక పదం" అని మాస్టారికి వినపడేలా అనేది.

పుస్తకం అచ్చయి వచ్చింది. దాన్ని సంచిలో పెట్టే పని ఎవరిది? ఆమెదే! తను తప్పని చెప్పినదాన్ని తన చేత్తోనే పెట్టెలో వెయ్యాలి. రెండు రోజులు వేసింది. మూడో రోజు వెయ్యలేకపోయింది. పదకొండేళ్ళు ఒక్క గీత పడకుండా పంపిన మొహాలవి. ఎవడో స్క్రూడ్రైవర్ పెట్టి వాటి మూడో కిటికీని పెకలిస్తున్నట్టు కళ్ళకి కట్టేది. మూతల పెట్టెలో, ఒక్కో వరసకీ మధ్య, పల్చటి తెల్లకాగితాలు పెట్టి పంపేవాళ్ళు. ఎలాగూ పారేసేవే. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకుంటుంటే ఆమె ఆ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. చదివింది ఏడో తరగతి, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి.

"అయ్యా, అమ్మా, డ్రైవుని పీకకండి. అది ఎక్కడికీ రాదు, దాని చోటు అదే. అందులో పెట్టిన డిస్కుని మాత్రం తియ్యండి. ముందున్న మీట నొక్కితే అదే బయటికొస్తుంది. రాకపోతే ఇంకోసారి మెల్లిగా నొక్కండి, తిట్టకండి. మీ చెయ్యి స్క్రూడ్రైవర్ వైపు వెళ్ళిందంటే మీరు దారి తప్పారని అర్థం."

పెట్టెలో జాబితాలో లేనిది గుండుసూది వేసినా ఆ రోజే ఇంటికి పంపుతామని గోడ మీద రాసి ఉంది. సూపర్‌వైజర్ పైవాళ్ళని అడిగి చూస్తానన్న ఆ ఒక్క ఆశ కూడా ఈ చీటీ బయటపడితే పోతుంది. ఆమెకి తెలుసు. తెలిసే రోజుకి ముప్పై నలభై చొప్పున, ఎవరూ చూడకుండా పుస్తకం మధ్యలో దూర్చి, సంచి మూతి అంటించింది. నూట ఇరవై చీటీలయ్యేసరికి కాగితాలు అయిపోయాయి. చీటీ లేకుండా అంతకు ముందూ ఆ తర్వాతా వెళ్ళినవి నూట ఎనభై.

నెల చివరి వారంలో మొదలైంది తమాషా. ఫోన్లెత్తే అమ్మాయికి ఊపిరాడలేదు. ఒక ఆఫీసువాళ్ళు రోజూ సాయంత్రం డ్రైవు ఊడబీకి బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారట. పొద్దున్నే మళ్ళీ బిగించేసరికి పది గంటలవుతోందట, ఇంకేదైనా సులువైన మార్గముందా అని మర్యాదగా అడిగారు. ఒక లాయరు గుమాస్తా పట్టకారుతో లాగితే సగమే వచ్చిందట, మిగతా సగానికి మనిషిని పంపమన్నాడు. ఇంకొకాయన వడ్రంగిని పిలిపించాడు. ఒక పెద్దావిడైతే భద్రమైన చోటంటే ఏదీ తోచక, డ్రైవుని తలగడ కింద పెట్టుకుని పడుకుంటోందట, గట్టిగా తగులుతోందని ఆవిడ ఫిర్యాదు. ఆ అమ్మాయి ఒక్కో ఫోనూ పెట్టేసి, బల్ల మీద తల పెట్టుకుని నవ్వి, మళ్ళీ గొంతు సర్దుకుని ఇంకో ఫోను ఎత్తేది.

మాస్టారు ఆ వారం టీ బల్ల దగ్గరికి రాలేదు.

నెలాఖరు రోజు. బల్ల మీద ఆఖరి పాతరకం కంప్యూటర్ మెల్లగా టక్కక్క వైపు జరుగుతోంది. పెట్టెలో ఒక్కటే మూత మిగిలింది. సరిగ్గా అప్పుడే మేనేజర్ వచ్చాడు, వెనక సూపర్‌వైజర్, అతని వెనక ఫోన్ల అమ్మాయి. చిన్నబుచ్చుకున్న మొహంతో ఉన్న మాస్టారిని కూడా పిలిపించారు. మేనేజర్ చేతిలో నలిగిపోయిన పల్చటి తెల్లకాగితం ఉంది. దాన్ని చూడగానే టక్కక్క ఆ ఆఖరి మూతని గుప్పిట్లో బిగించింది.

"ఈ చీటీ ఎవరు రాశారు?"

అక్క రాతని గుర్తుపట్టనివాళ్ళు ఆ బల్ల దగ్గర లేరు, అయినా ఒక్కరూ తలెత్తలేదు. సూపర్‌వైజరైతే పైకప్పు వంక చూస్తున్నాడు. మేనేజర్ మొహంలో మాత్రం కోపం లేదు. ఆ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టింది మాస్టారు. వారం పొడుగునా ఆయన చూసిన మొట్టమొదటి వెలుగు అది.

ఒక అడుగు ముందుకేసి, "నేనే రచించితిని" అన్నాడు.

పోన్లే, తన మెడ మీద కత్తి తప్పింది అనుకుంది టక్కక్క. కోపం రావాలో నవ్వు రావాలో ఆమెకి తేలలేదు.

"మీరా!" అన్నాడు మేనేజర్. "కొన్నవాళ్ళందరికీ ఫోన్లు చేయించాను. నలభై ఒక్క మంది డ్రైవులు పీకేశారండీ. ఈ చీటీ అందిన నూట ఇరవై మందిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు పీకలేదు. ఒకావిడ ఫోన్ చేసి, ఇది రాసినవాళ్ళకి నమస్కారం చెప్పమంది. సరే, మౌస్ సంగతి కూడా ఇలాగే రాద్దాం. దాన్నెలా పట్టుకోవాలో ఇదే పద్ధతిలో ఒక్క ముక్క చెప్పండి."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "మూషికమును..." అని ఆగాడు. నుదురు తుడుచుకున్నాడు. "కాదు. ఎలుకను... ఎలుకను కుడిచేత గట్టిగా పట్టుకొని..."

"బోను కూడా మనమే ఇస్తున్నామా మాస్టారూ?" అంది ఫోన్ల అమ్మాయి ఉండబట్టలేక.

"అయ్యో, గట్టిగా ఎందుకు మాస్టారూ!" ఈ మాట టక్కక్క నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. "మెత్తగా చెయ్యి వేసి ఊరికే అటూ ఇటూ జరపండి, పిసికితే మాట వినదు, అని రాస్తే సరిపోయె!"

అనేసి నాలుక కరుచుకుంది. ఆలస్యమైపోయింది. మేనేజర్ చీటీ వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"మీరేనా?"

"నేనే సార్." ఆమె తల దించలేదు. "గోడ మీద రాసింది చదువుకునే చేశాను. ఎలాగూ ఈ పూటతో నా పని అయిపోతోంది. తొలగించండి."

"పీకొద్దని నూట ఇరవై మందికి చెప్పింది మీరు, మిమ్మల్నే పీకమంటారేంటమ్మా?" అన్నాడాయన. "రేపటి నుంచి మాస్టారి గదిలో కూర్చోండి. పుస్తకం మీరు చెప్పాలి. మీకు అర్థం కాని వాక్యం అచ్చుకి పోకూడదు." ఆపైన మాస్టారి వైపు తిరిగాడు. "ఇంక ఈయన అవసరం మనకుందా అని ఆలోచించాలి."

మాస్టారు టక్కక్క వైపు చూశాడు. ఆ చూపులో పెద్ద మాటలేవీ లేవు. రేపు పొద్దున్నే ఎక్కడికెళ్ళాలో తెలియని మనిషి చూపు అది. నెల రోజులుగా టక్కక్కకి తన అద్దంలో కనబడుతున్న చూపే.

"ఉండనివ్వండి సార్" అంది ఆమె. "నాకు ల ఎక్కడ రాయాలో ళ ఎక్కడ రాయాలో తెలియదు. ఆయనకి తెలిసింది అదొక్కటే, నాకు తెలియంది అదొక్కటే."

మేనేజర్ నవ్వేసి వెళ్ళిపోయాడు. మాస్టారు ఏదో అనబోయి, ఏ భాషలో అనాలో తేలక, చేతులు జోడించి తన గదికి పోయాడు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మీద పడ్డారు. ఒకామె భుజం చరిచింది, ఒకామె కుర్చీతో సహా తిప్పింది. ఆ తిరిగిన కుర్చీలో టక్కక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. పదకొండేళ్ళలో ఆమె ఏడవడం అక్కడ ఎవరూ చూడలేదు. సూపర్‌వైజర్ కంగారు పడిపోయాడు.

"ఏంటక్కా ఇది! ఉద్యోగం ఉంది కదా, ఇప్పుడెందుకు ఏడుస్తావు?"

"పోతే నవ్వుతూ పోవాలని పది రోజుల్నుంచి అద్దం ముందు నేర్చుకుంటున్నాన్రా తమ్ముడూ" అంది ఆమె, మాట రాక రాక వస్తుంటే. "ఉంటే ఏం చెయ్యాలో నేర్చుకోలేదు."